చెయ్యి తీసేదాకా

బల్ల లోపలికి రావాలంటే వీధి తలుపు రెక్క ఒకటి ఊడదీయాల్సి వచ్చింది.

"కోడలు అడుగు పెట్టినప్పుడు కూడా ఈ తలుపు ఊడదీయలేదు," అంది అత్తగారు, సోఫాలో ఓ మూలకి ఒదిగి కూర్చుంటూ. "అప్పట్లో సన్నగా ఉండేదిలే."

కోడలి కళ్ళు బల్ల మూలల మీదే ఉన్నాయి. బడి సారూ, వ్యాన్ డ్రైవరూ చెరో వైపు పట్టుకుని ఏటవాలుగా తిప్పుతుంటే, మూల ఎక్కడ గోడకి గీసుకుంటుందోనని మధ్యలో తన అరచెయ్యి అడ్డం పెడుతూ వెంట నడిచింది. బల్ల కాళ్ళ మీద నిలిచాక, ఎవరూ అడక్కుండానే కింద ఓ అట్టముక్క మడిచి దోపి, అటూ ఇటూ ఊగకుండా చేసింది. ఆమెకి ఏదైనా వంకరగా ఉంటే చెయ్యి ఊరుకోదు.

బడిలో ప్రయోగశాలని పరీక్షలకి ఇచ్చేశారు. రోబోల పోటీ ఈ వారంలోనే. పిల్లలు సాధన చేసుకోవడానికి ఎవరింట్లో చోటుందని సారు అడిగితే, కోడలి కూతురు గువ్వ చెయ్యెత్తిందట. ఇంట్లో మాట మాత్రమైనా చెప్పలేదు. "మీ అమ్మాయి ఒప్పుకుందండీ," అని సారు ఫోన్ చేస్తేనే తెలిసింది. క్లాసులో తెలిసిన జవాబుకి కూడా చెయ్యెత్తని పిల్ల. ఆ సంగతికి తెల్లబోయి, కాదనడం మర్చిపోయింది తల్లి.

బల్ల చుట్టూ జానెడు ఎత్తు చెక్క అంచు. లోపల పరిచిన రంగుల చాప మీద దారులూ, గీతలూ అచ్చు వేసి ఉన్నాయి. అక్కడక్కడా ప్లాస్టిక్ ముక్కలతో కట్టిన వంతెనలు, వలయాలు, మీటలు, తలుపులు, ఓ గొళ్ళెం. ఒక మూలని పిల్లలు 'ఇల్లు' అంటారు. రోబో అక్కణ్ణించే బయల్దేరాలి, పని ముగించుకుని అక్కడికే రావాలి.

గువ్వ పాత చెప్పుల అట్టపెట్టె తెరిచి రెండు చేతులతో దాన్ని పైకి తీసింది. రెండు చక్రాలు, వెనక ఓ ఉక్కు గోళీ, నడుమ తెల్లటి మెదడు డబ్బా, ముందు కొంగ ముక్కులాంటి చెయ్యి. దాని పేరు తాబేలు. వీపు గుండ్రంగా ఉంటుందని పిల్లలు పెట్టుకున్నారు. నడక మాత్రం తాబేలుది కాదు.

దాన్ని ఇంటి మూలకి ఆనించి, వీపు మీద మీట నొక్కి, గువ్వ రెండు చేతులూ వెనక్కి తీసుకుంది. ఊపిరి కూడా బిగబట్టినట్టు నిలబడింది. తాబేలు ఓసారి కిచ్‌మంది. కదిలింది. గీత గీసినట్టు తిన్నగా వెళ్ళి, ఆగి, కుడికి తిరిగి, కొంగ ముక్కు దించి వలయాన్ని తగిలించుకుంది. వంతెన కింద నుంచి దూరి, భుజంతో మీటని నెట్టి, వెనక్కి వెనక్కి వచ్చి ఇంటి మూలలో ఆగిపోయింది.

టీ కప్పుల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ తల్లికి తన చేతిలో పళ్ళెం ఉందన్న సంగతే గుర్తు లేదు.

అత్తగారు లేచి వచ్చి బల్ల కిందికి వంగి చూసింది. "తాడేమైనా ఉందా? రిమోట్ ఎవరి దగ్గరుంది?"

"రిమోట్ ఉండదు నానమ్మగారూ," అన్నాడు జట్టులో అందరికంటే పొడుగ్గా ఉండే కుర్రాడు. వాణ్ణి అందరూ నిచ్చెన అంటారు. "ముందే అన్నీ చెప్పి పంపాలి. మధ్యలో మనం ముట్టుకోకూడదు. చెప్పింది చెప్పినట్టు చేసుకొస్తుంది."

"చెప్పింది చెప్పినట్టా! అయితే ఈ ఇంట్లో అదొక్కటే. ఎవరు చెప్పార్రా దానికి?"

"గువ్వే. ప్రోగ్రాం అంతా తనే రాసింది. దాని చేతులు బిగించే పని కళ్ళజోడుది." కళ్ళజోడు పెట్టుకున్న పిల్ల, నోట్లో పిన్ను కరుచుకునే తలూపింది.

అత్తగారు మనవరాలి వైపు చూసింది. "మన మౌనస్వామేనా? మనతో నాలుగు మాటలు మాట్లాడదు గానీ, దీంతో ఇన్ని మాట్లాడిందా?"

గువ్వ చెవులు ఎర్రబడ్డాయి.

సారు చేతిలో స్టాప్‌వాచ్ ఉంది. చెడ్డవాడు కాదు ఆయన. పిల్లల మీద అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. బ్యాటరీలు తన సంచిలోనే మోసుకు తిరుగుతాడు. కానీ ఆయనకి ఆలస్యం అంటే ఒంటికి పడదు. పోటీలో ఇచ్చేది రెండున్నర నిమిషాలు. ఆ కాస్త సమయంలో తాబేలు ఇంటికొచ్చిన ప్రతిసారీ దాని ముక్కు మార్చి మళ్ళీ పంపాలి. బల్ల దగ్గర నిలబడే అవకాశం ఇద్దరికే. నాలుగైదు సార్లు చూశాక ఆయన వాచీ ఆపేశాడు.

"అమ్మాయ్, పంపే ముందు ప్రతిసారీ అలా కొయ్యబొమ్మలా నిలబడతావేం? నువ్వు నిలబడ్డ టైమంతా కలిపితే ఇంకో పని పూర్తయ్యేది."

గువ్వ నోరు తెరిచింది. "అది... సార్... కదలకుండా..."

ఆ పిల్లకి మాట నోటి దాకా వచ్చి కాసేపు ఆగుతుంది. నత్తి కాదు. ఏ మాట సరైందో వెతుక్కుంటున్నట్టుంటుంది. ఆ ఖాళీ తల్లికి ఎప్పుడూ ఒళ్ళంతా ముళ్ళలా గుచ్చుతుంది. గుమ్మంలోంచే అందుకుంది: "దానికి కొంచెం నిదానమండీ. చిన్నప్పట్నించీ అంతే. ఏమీ అనుకోకండి."

"నేననేదీ అదే కదమ్మా," అన్నాడు సారు. "రేపట్నించి బల్ల దగ్గర నిచ్చెనా, కళ్ళజోడూ ఉంటారు. జడ్జీల గదిలో మాట్లాడేదీ నిచ్చెనే. నువ్వు చార్టు పట్టుకో గువ్వా. సరేనా?"

గువ్వ నోరు మూసుకుంది. కింద పడ్డ పిన్నులు ఏరి, నల్లవి నల్లవాటిలో, నీలంవి నీలంవాటిలో వేసుకుంటూ కూర్చుంది. కూతుర్ని వెనకేసుకొచ్చాననుకున్న తల్లి, టీ చల్లారిపోతోందని అందరికీ గుర్తు చేసింది.

*

నిచ్చెనవి చురుకైన చేతులు. కన్ను మూసి తెరిచేలోగా ముక్కు మార్చి, తాబేలుని మూలకి నెట్టి, మీట నొక్కేసేవాడు. సారు వాచీ చూసుకుని, "అదీ! అలా ఉండాలి!" అనేవాడు.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. తాబేలు కొన్నిసార్లు తిన్నగా వెళ్ళేది. కొన్నిసార్లు మొదట బాగానే బయల్దేరి, పోనుపోను పక్కకి ఒరిగేది. వంతెన దగ్గరికొచ్చేసరికి బెత్తెడు తేడా. వలయాన్ని పట్టుకోవలసిన ముక్కు గాల్లో గుద్దేది. ఓసారి గోడంచుకి మొహం ఆనించి, చక్రాలు తిప్పుతూ అక్కడే నిలబడిపోయింది.

"ప్రోగ్రాంలో ఏదో తేడా ఉంది," అన్నాడు సారు.

అందరూ గువ్వ వైపు చూశారు. గువ్వ తాబేలు వైపు చూసింది.

"నిన్నటిదాకా బాగానే ఉంది కదా. నిన్న ఏం మార్చావు?"

"ఏం మార్చలేదు సార్."

"మార్చకుండా పాడవుతుందా? రేపు సాయంత్రానికి సరిచెయ్యి. లేకపోతే కిందటేడాది పాత ప్రోగ్రాం ఎక్కించేద్దాం. పాయింట్లు తక్కువొచ్చినా ఫర్వాలేదు, పరువైనా దక్కుతుంది." కిందటేడు గువ్వ జట్టులో లేదు.

తల్లి అప్పుడు సోఫా పక్కన కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతోంది. దుప్పటి అంచు వేలెడు అటూ ఇటూ అయినా విప్పి మళ్ళీ మడిచే మనిషి. చేతులు మడతల మీదున్నా, కళ్ళు బల్ల వదల్లేదు. పిల్లలంతా వెళ్ళాక గువ్వ ఒక్కతే పదేపదే పంపి చూసింది. ప్రతిసారీ తాబేలు తిన్నగానే వెళ్ళింది. అదే బల్ల, అదే చాప, అదే ప్రోగ్రాం. మారిందల్లా చెయ్యి. పొద్దుణ్ణించీ చూసినవన్నీ ఆమె కళ్ళ ముందు మళ్ళీ మెదిలాయి. నిచ్చెన మీట నొక్కాక వాడి బొటనవేలు వీపు మీదే ఉంటోంది. కిచ్‌మన్నాక గాని తియ్యడం లేదు.

"వాడు చెయ్యి తియ్యట్లేదు," అంది తల్లి పైకే.

గువ్వ తలెత్తింది. అమ్మని అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూసింది. "నువ్వు చూశావా?"

"చూడక! చెయ్యి తియ్యకపోతే ఏమవుతుందే?"

గువ్వ మాటల కోసం వెతుక్కుంది. తల్లి ఏదో అనబోయింది గానీ, ఈలోగా ఆ పిల్ల లేచి వచ్చి ఆమెని గది మధ్యకి లాగి నిలబెట్టింది. "కళ్ళు మూసుకో. వీధి గుమ్మం నీకు ఎదురుగా ఉంది. సరేనా? నేను చెప్పాక తిన్నగా నడువు."

తల్లి కళ్ళు మూసుకుంది. భుజాల మీద చిన్న చేతులు ఆనాయి. ఆ చేతులు ఏం చేశాయో ఆమెకి తెలియనే లేదు. "నడువు," అంది గువ్వ. నడిచింది. గుమ్మం వస్తుందనుకుంటే, చేతికి చల్లగా ఫ్రిజ్ తగిలింది.

"అదేంటే! నేను తిన్నగానే నడిచానే!"

"అదీ అలాగే అనుకుంటుందమ్మా." గువ్వ తాబేలుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "దానికి కళ్ళు లేవు కదా. ఎటు తిరిగిందో తెలుసుకోడానికి లోపల గైరో అని ఒకటుంటుంది. మీట నొక్కగానే ఒక్క క్షణం తనని తాను చూసుకుంటుంది. అప్పుడు ఎలా ఉంటే అదే కదలకుండా ఉండటం అనుకుంటుంది. ఆ క్షణంలో ఎవరి చెయ్యైనా వణికితే, ఆ వణుకే నిలకడ అనుకుంటుంది. ఇంక దారంతా తను తిన్నగానే వెళ్తున్నాననుకుంటూ పక్కకి పోతుంది. దాని తప్పు కాదు."

తల్లి ఫ్రిజ్‌కి ఆనుకుని అలాగే నిలబడింది. అరచేతిలో పట్టే ఆ ప్లాస్టిక్ డబ్బాలో, నిద్ర లేవగానే తనని తాను చూసుకునే క్షణం ఒకటుందట. ఆ ఒక్క క్షణం మీదే తక్కిన దారంతా ఆధారపడి ఉందట. ఇంత చిన్నది ఇంత పెద్ద నమ్మకం మీద బయల్దేరుతోందని తెలిశాక, దాన్ని మామూలు బొమ్మలా చూడటం ఆమె వల్ల కాలేదు. తన కూతురు దాని ముందు ఊపిరి బిగబట్టి ఎందుకు నిలబడుతుందో అప్పుడర్థమైంది.

"మరి సారుకి చెప్పవేం?"

"చెప్పబోయాను."

అంతే అంది గువ్వ. ఆ పిల్ల గొంతులో నిష్ఠూరం కూడా లేదు. అయినా తల్లికి పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ తను కనిపించింది. కనిపించగానే ఎప్పటి అలవాటే ముందుకొచ్చింది. "ఉండు, ఇప్పుడే ఫోన్ చేసి చెప్తాను. తప్పు ఎవరిదో, నింద ఎవరి మీదో! ఇదేం న్యాయం?"

"వద్దమ్మా."

"ఎందుకొద్దు?"

గువ్వ తాబేలు చక్రాన్ని వేలితో తిప్పింది. ఆగాక మళ్ళీ తిప్పింది. "నువ్వు చెబితే అది నువ్వు చెప్పినట్టవుతుంది."

తల్లి ఫోన్ పక్కన పెట్టింది గానీ, మనసులో మాత్రం ఆ సంగతి పక్కన పెట్టలేదు. సారుకి చెప్పవలసిన నాలుగు మాటలూ కూర్చి, మడతపెట్టి, దగ్గరే ఉంచుకుంది.

*

మర్నాడు నిచ్చెనా, కళ్ళజోడూ వచ్చాక గువ్వ ల్యాప్‌టాప్ నుంచి తాబేలుకి తీగ తగిలించింది. తెర మీద ఓ సన్నటి గీత పాకుతూ పోతోంది.

"అమ్మా, వాషింగ్ మెషీన్ వెయ్యవా?"

"పొద్దున్నే వేశాను కదే. బట్టలన్నీ ఆరుతున్నాయి."

"అవే మళ్ళీ వెయ్యి. గిరగిరా తిప్పి పిండేది ఉంటుంది కదా, అది కావాలి."

"ఉతికినవే మళ్ళీ మళ్ళీ ఉతికితే చివరికి బొత్తాలే మిగుల్తాయి," అంది అత్తగారు.

తల్లి తడి దుప్పట్లే తెచ్చి మెషీన్‌లో కుక్కింది. అది పిండే వేగం అందుకోగానే, ఎప్పట్లాగే నేల సన్నగా అదిరింది. తెర మీద గీత మీద గరుకు లేచింది, నున్నటి గోడ మీద ఇసుక చల్లినట్టు.

"నానమ్మా, నువ్వు బల్ల చుట్టూ నడువు."

"నేను నడిస్తే భూకంపం వస్తుందనా నీ ఉద్దేశం?" అంటూనే అత్తగారు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, కాస్త దర్జాగానే రెండు చుట్లు తిరిగింది. గీతలో చిన్న చిన్న గుబ్బలు లేచాయి.

తల్లి కూతురి భుజం మీదుగా వంగింది. "ఇది నానమ్మా?"

"ఊఁ. ఇది నీ మెషీన్. ఇది బల్లకి కళ్ళజోడు ఆనుకున్నప్పటిది."

తన ఇల్లు తెర మీద గీతగా పాకుతోంది. ఇన్నేళ్ళుగా ఈ నేల మీద నడుస్తూ, ఊడుస్తూ ఉంది గానీ, ఈ నేల ఇలా ఊపిరి తీస్తుందని ఆమెకి ఎప్పుడూ తెలియదు. కాలు కదపడానికి కూడా జంకి, అక్కడే నిలబడి చూసింది.

"ఇప్పుడు నువ్వు," అంది గువ్వ నిచ్చెనతో. "పోటీలో పెట్టినట్టే పెట్టు. త్వరగా."

నిచ్చెన తాబేలుని మూలకి నెట్టి మీట నొక్కాడు. గీత ఒక్కసారి నిద్రలో ఉలిక్కిపడినట్టు లేచింది. మెషీన్‌లా గరుకుగా కాదు. పెద్ద పెద్ద అలలు, ఒకదాని వెనక ఒకటి.

వాడి నవ్వు మాయమైంది. "నా చెయ్యి ఇంత వణుకుతుందా?" వాడు రెండు చేతులూ జేబుల్లో దోపుకున్నాడు. అంత పొడుగు కుర్రాడు ఉన్నట్టుండి పొట్టిగా కనిపించాడు. "మా ఇంట్లో చెప్పకండే. బల్ల దగ్గర నిలబడితే నాకు లోపల దడదడలాడుతుంది. అందుకే తొందరగా నొక్కేస్తా."

కళ్ళజోడు ఏదో వేళాకోళం చెయ్యబోయి, గువ్వ మొహం చూసి ఆగిపోయింది.

"అందరిదీ వణుకుతుంది," అంది గువ్వ. "నువ్వు మళ్ళీ పెట్టు. చాలాసార్లు కావాలి నాకు."

వాడు జేబుల్లోంచి చేతులు తీశాడు. ఆ పూటంతా పెడుతూనే ఉన్నాడు. గువ్వ ఒక్కో అలనీ చూసి, ఎంత ఎత్తు లేస్తే అది చెయ్యి, ఎంత లోపల ఉంటే అది వట్టి నేల అదురు అని కొలుచుకుంటూ, ఆ రెంటికీ మధ్య హద్దు ఎక్కడ గియ్యాలో వెతికింది. అదురు ఆ హద్దు దాటినంతసేపూ తాబేలు బయల్దేరకుండా ఆగి ఉండాలి. హద్దు మరీ కింద గీస్తే, నానమ్మ నడిచినా తాబేలు కదలనంటోంది. మరీ పైన గీస్తే, చెయ్యి వణుకు జారిపోతోంది. చెరిపి రాసింది, రాసి చెరిపింది. తల్లి అన్నం కలిపి తెస్తే, కీబోర్డు మీంచి చేతులు తియ్యకుండానే నోరు తెరిచింది.

సాయంత్రం సారు వచ్చేసరికి తాబేలు ప్రతిసారీ తిన్నగానే వెళ్ళింది. కానీ ఒక్కోసారి నొక్కగానే కదలకుండా, వీపు మీద ఎర్ర దీపం వెలిగించుకుని కాస్త ఆగుతోంది. దీపం పచ్చబడ్డాకే కిచ్‌మని బయల్దేరుతోంది.

"బాగానే ఉంది," అన్నాడు సారు. "కానీ ఇదేంటి, ఇదీ నీలాగే నిలబడటం నేర్చుకుందేం?"

అందరూ నవ్వారు. అత్తగారు కూడా నవ్వింది. గువ్వ మాటలు వెతుక్కునేలోపే ఆయన వాచీ చూసుకుంటూ, "రేపు మొదటి ఆట దీంతోనే ఆడదాం. ఒక్కసారి తేడా వచ్చిందా, మిగతా ఆటలకి పాతదే," అనేశాడు.

*

పోటీ జరిగే చోటు ఓ పెద్ద ఆటల హాలు. అచ్చం తమ ఇంట్లో ఉన్నదానిలాంటి బల్లలే వరసగా, చివర కనిపించనంత దూరం దాకా. ప్రతి బల్ల మీదా ఓ యంత్రం. కొన్ని పీతల్లా, కొన్ని పాలడబ్బాల్లా, ఒకటి అచ్చం ఇస్త్రీపెట్టెలా. ఎవరూ పట్టుకోకుండా, ఎవరూ తోలకుండా, అన్నీ తమ తమ పనుల మీద పోతున్నాయి, వస్తున్నాయి. ఆ ఒక్కొక్క దాని వెనకా ఎవరో ఓ పిల్లో పిల్లాడో కూర్చుని దానితో ఎన్ని మాటలు మాట్లాడి ఉంటారు! తల్లి చేతిలోని నీళ్ళ సీసా మూత తీసి, తాగకుండానే పెట్టేసింది.

నిచ్చెనా, కళ్ళజోడూ బల్ల దగ్గరికెళ్ళారు. గువ్వ కాస్త ఇవతల బెంచీ మీద, ఒళ్ళో చుట్టిన చార్టుతో కూర్చుంది. పక్కన సారు. వాళ్ళ వెనక తల్లి.

ఈల మోగింది. నిచ్చెన తాబేలుని మూలకి ఆనించి మీట నొక్కాడు.

ఎర్ర దీపం.

పక్క బల్లల మీద యంత్రాలు అప్పుడే బయల్దేరాయి. తాబేలు కదల్లేదు. నిచ్చెన చెయ్యి దాని మీదే బిగుసుకుపోయింది. వాడు మళ్ళీ నొక్కాడు. వేళ్ళు వణకడం ఇక్కడికే కనిపిస్తోంది. ఎర్ర దీపం అలాగే ఉంది.

"చెప్పానా! చెప్పానా నేను!" సారు లేచి నిలబడ్డాడు. "ఏం చేశావే దానికి? చెడగొట్టి పెట్టావు కదే!"

బల్ల దగ్గరికి పోకూడదు, మాట అందించకూడదు. తల్లి కూర్చి పెట్టుకున్న నాలుగు మాటలూ గొంతు దాకా వచ్చాయి.

గువ్వ తన ఒళ్ళోంచి చార్టు జారి కింద పడ్డా పట్టించుకోలేదు. రెండు చేతులూ నెమ్మదిగా పైకెత్తి, అరచేతులు చూపిస్తూ గాల్లో అలాగే ఉంచింది.

నిచ్చెన దిక్కుతోచక ఇటు తిరిగాడు. ఆ చేతులు చూశాడు. చూసి, కాలుతున్న పెనం మీంచి తీసినట్టు తన రెండు చేతులూ పైకెత్తేశాడు.

దీపం పచ్చబడింది. కిచ్‌మంది. అంత రొదలోనూ తల్లికి ఆ చిన్న చప్పుడు వినిపించింది. తాబేలు కదిలింది. గీత గీసినట్టు తిన్నగా వెళ్ళింది. వలయం తగిలించుకుంది, వంతెన కింద దూరింది, మీట నెట్టింది, ఇల్లు చేరింది. కళ్ళజోడు ముక్కు మార్చింది. నిచ్చెన నొక్కాడు. ఈసారి చూడక్కర్లేకుండానే చేతులెత్తేశాడు. మళ్ళీ పచ్చ దీపం. మళ్ళీ తిన్నగా. మూడోసారికి పక్కన ఆడుతున్న వేరే బడి పిల్లలు కూడా తమ యంత్రం మర్చిపోయి, ఈ పొడుగు కుర్రాడు చేతులు పైకెత్తినప్పుడల్లా తాబేలు బయల్దేరడం నోరు తెరుచుకుని చూస్తున్నారు.

సారు కూర్చోవడం మర్చిపోయాడు.

ఆట ముగిశాక నిచ్చెన పరిగెత్తుకుంటూ వచ్చాడు. "తర్వాతి ఆటకి నువ్వే నిలబడు గువ్వా. నాకొద్దు. నువ్వుంటే అది ఆగనే ఆగదు."

గువ్వ కింద పడ్డ చార్టు తీసి దుమ్ము దులిపింది. కాసేపటికి అంది: "నా చేతికైతే అదంతా రాసేదాన్నే కాదు. నీ చేతికి రాశాను. నువ్వే నిలబడు." మళ్ళీ కాసేపటికి, "అవతలి వైపు నేనుంటా," అంది.

కళ్ళజోడు నోట్లో పిన్ను తీసి, "హమ్మయ్య, నాకు బాత్‌రూమ్‌కి వెళ్ళే తీరిక దొరుకుతుంది," అంది. సారు కాదనలేదు.

*

జడ్జీల గదిలోకి పెద్దవాళ్ళు పోకూడదు. తలుపుకి అద్దం పలక ఉంది. ఇటు నుంచి కనిపించడమే గాని, వినిపించడం లేదు. సారూ తల్లీ ఆ అద్దం ముందు నిలబడ్డారు.

లోపల ముగ్గురు జడ్జీలు. నిచ్చెన గడగడా మాట్లాడుతున్నాడు. చేతులు తిప్పుతున్నాడు. గువ్వ చార్టు పట్టుకుని గోడ పక్కన నిలబడి ఉంది. సగం మొహం చార్టు వెనకే. మధ్యలో కూర్చున్న నెరిసిన జుట్టావిడ ఏదో అడిగింది. నిచ్చెన చెప్పబోయి ఆగాడు. గువ్వ దగ్గరికి నడిచి, ఆ పిల్ల చేతుల్లోంచి చార్టు తీసుకుని, తను పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు.

గువ్వ రెండు చేతులూ ఖాళీ అయిపోయాయి.

నెరిసిన జుట్టావిడ ఎదురు చూస్తోంది. గువ్వ నోరు తెరిచింది. ఏమీ రాలేదు. మళ్ళీ మూసుకుంది.

"మాట్లాడదే," అన్నాడు సారు గొణుగుతూ. "ఇంత చేసి ఇక్కడ పోగొడుతుంది. అమ్మా, నేను తలుపు తియ్యకూడదు. మీరు కాస్త తీసి ఒక్క మాట చెప్పండి. తల్లి కదా, ఏమీ అనరు."

ఆయన చెప్పక ముందే ఆమె చెయ్యి తలుపు పిడి మీద ఉంది. మాటలు నాలుక మీద సిద్ధంగా ఉన్నాయి. దానికి కొంచెం నిదానమండీ. అద్దంలోంచి కూతురు కనిపిస్తోంది. చేతులు పక్కకి వేలాడేసి, ఊపిరి బిగబట్టి, కళ్ళు ఎటూ పోకుండా. ఆ నిలబడటం ఆమె ఈ నాలుగు రోజుల్లో ఎన్నిసార్లు చూసిందో. మరో పక్క చల్లటి పిడి మీద తన చెయ్యి. ఆ చెయ్యి సన్నగా వణుకుతోంది.

ఆమె చెయ్యి తీసేసింది.

లోపల గువ్వ పెదవులు కదిలాయి. ఒక మాట. ఆగింది. ఇంకో మాట. ఆ తర్వాత బల్ల దగ్గరికి నడిచి, తాబేలుని నెరిసిన జుట్టావిడ ముందు నేల మీద పెట్టి, ఆవిణ్ణి వంగమంది. ఆవిడ చెయ్యి పట్టుకుని తాబేలు వీపు మీది మీట నొక్కించి, అక్కడే ఉంచింది. ఎర్ర దీపం. గువ్వ తన చేతులు రెండూ పైకెత్తింది. ఆవిడా నవ్వుతూ ఎత్తింది. ఎందుకో తక్కిన ఇద్దరు జడ్జీలూ కూడా కాగితాల మీంచి చేతులెత్తారు. పచ్చ దీపం వెలిగింది. తాబేలు నున్నటి నేల మీద తిన్నగా, తలుపు వైపే వచ్చి, అద్దానికి అవతల ఆగింది. ఆగి, వెనక్కి తిరిగి ఎవరి దగ్గరి నుంచి బయల్దేరిందో వాళ్ళ దగ్గరికే వెళ్ళిపోయింది.

గువ్వ మాట్లాడుతోంది. మధ్యమధ్య ఆగుతోంది. ఆగినప్పుడల్లా జడ్జీలు ఆగుతున్నారు.

సారు నుదురు అద్దానికి తగులుతోంది. "అదా సంగతి," అన్నాడు చాలాసేపటికి. "ఆ రోజు మీ ఇంట్లో... కదలకుండా అంటూ ఏదో చెప్పబోయింది కదమ్మా."

"అవునండీ," అంది తల్లి. "మనమే ఆగలేదు."

కూర్చి పెట్టుకున్న నాలుగు మాటల్లో ఆమె వాడింది ఆ ఒక్కటే. అందులో కూడా తను కలిసే ఉంది.

ఫలితాలు చెప్పడానికి ఇంకా సమయం ఉంది. హాలు బయట మెట్ల మీద కూర్చున్నారు తల్లీ కూతురూ. ఫోన్ మోగింది. అత్తగారు.

"ఏమైందే? నిలబడిపోయిందా, నడిచిందా? అది ఏమైనా మాట్లాడిందా లేదా అక్కడ?"

తల్లి నోరు తెరిచింది. చెప్పాలంటే ఎన్ని ఉన్నాయో. ఎర్ర దీపం నుంచి మొదలుపెట్టి ఊపిరి తీసుకోకుండా చెప్పగలదు. తెరిచిన నోరు మూసుకుని, ఫోన్ కూతురి చేతిలో పెట్టి, తన చేతులు ఒళ్ళోకి తీసుకుంది.

గువ్వ ఫోన్ చెవికి ఆనించుకుంది. మెట్ల కింద ఎండలో ఎవరి పిల్లలో తమ యంత్రాన్ని అట్టపెట్టెలో పడుకోబెడుతున్నారు.

"హలో? హలో! ఉన్నారా లేదా? లైను పోయిందా ఏమిటి!" అత్తగారి గొంతు ఇవతలికి కూడా వినిపిస్తోంది.

తల్లి కదల్లేదు.

"తిన్నగా వెళ్ళింది నానమ్మా," అంది గువ్వ.